ఎర్ర రిబ్బను కట్టిన ఆవమొక్క

మేం అప్పట్లో ఫిల్మ్ నగర్ కింది వాలులో కిరాయికి ఉండేవాళ్లం. కింది పోర్షనులో నేను, మావారు, మా అత్తయ్య. డాబా మీద ఒక రేకుల గది. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఏ మూల గది ఖాళీ అయినా మర్నాటికి ఎవరో ఒకరు పెట్టె పట్టుకుని దిగేవారు. మా డాబా మీద గదిలోకి అలాగే ఒక అమ్మాయి వచ్చింది. ఈశాన్యం వైపు కొండల పిల్ల. కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ. తెల్లారాక కంపెనీ క్యాబు వీధి మొదట్లో దింపి వెళ్లేది.

ఆమె మాకు దగ్గరైంది పిడికెడు బియ్యం వల్ల. ఒకసారి పైకి వెళ్తే పొయ్యి పక్కన చిన్న డబ్బా కనిపించింది. అన్నం వండుకునే ముందు అందులో పిడికెడు బియ్యం వేస్తుందట, చర్చి సంఘానికి. అది వాళ్ల కొండల్లో ప్రతి ఇంటి ఆచారమట. మా ఇంట్లో అత్తయ్య పెళ్లయినప్పటి నుంచీ చేస్తున్నది అదే. ఆ మాట చెబితే అత్తయ్య ఎంత సంతోషపడిందో! "గుంటూరెక్కడ, ఆ కొండలెక్కడ! ప్రభువు ఒకే డబ్బా పెట్టించాడు చూడవే" అంది. ఆ ఆదివారం నుంచి ఆ అమ్మాయి మాతోపాటు బోరబండలోని మా గుడికే వచ్చేది. పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని మా వాళ్లకంటే గట్టిగా పాడేది.

ఆ ఏడు వానల్లో వాళ్లమ్మ చనిపోయింది. కబురు తెలిసిన పూటే బయలుదేరింది కానీ, కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోయింది. చేరేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయి ఉందట. తండ్రి ఎప్పుడో పోయాడు. ఇంటికి తాళం వేసి తిరిగొచ్చింది. వచ్చిన రోజు కిందికి దిగి మా వంటింటి గడపలో కూర్చుని చిన్న గుడ్డమూట విప్పింది. అందులో చిటికెడు గింజలు ఉన్నాయి.

"ఇవి ఆవాలు కదమ్మా!" అన్నాను.

"ఆవాలే ఆంటీ. కానీ పోపుకి కాదు. ఆకు కోసం."

వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటి పెరట్లో చలికాలం ఈ ఆకు ఉంటుందట. వాళ్లమ్మ ఏటేటా విత్తనం కట్టి, మూటగా పొయ్యి పైన వేలాడదీసేది. ఈసారి ఇంట్లో మనిషి లేక పైకప్పు కారి మూట తడిసింది. చాలావరకు బూజు పట్టాయి. బాగున్నవి ఏరుకొచ్చింది.

అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఒక గింజను అరచేతిలో దొర్లించి చూసింది. "ఆకు తినే ఆవాలేవిటే? ఎట్టా తింటారు?"

"పచ్చిగా గ్రాండ్మా. లేత ఆకు, ఎండుమిరపకాయ, ఉప్పు. ముదిరితే ఉడకబెట్టి."

"పచ్చాకు నమలడానికి మనమేమన్నా మేకలమా?"

"మేక కూడా ప్రభువుదే గ్రాండ్మా."

"ఆఁ, ప్రభువుదే. కానీ తీర్పునాడు గొర్రెల్ని కుడి పక్కన, మేకల్ని ఎడమ పక్కన నిలబెడతాడు. వాక్యం సరిగ్గా చదువుకో."

ఆ పిల్ల ఊరి నుంచి వచ్చాక నవ్వింది అప్పుడే. నవ్వు ఆగాక మూట కడుతూ అంది: "ఈ చలికి విత్తనం కట్టకపోతే ఇంక లేదు ఆంటీ. అమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది. ఆమెకి వాళ్లమ్మ. ఇప్పుడు ఎవ్వరి దగ్గరా లేదు. ఇదే."

ఆ రోజు నుంచి మా ప్రార్థనల్లో ఆ చిటికెడు గింజలు కూడా చేరాయి.

జూబ్లీహిల్స్‌లోగానీ, దాని కింద మా వాలులోగానీ మట్టి అనేది కొనుక్కోవలసిన వస్తువు. కాలి కింద ఉన్నదంతా బండే. పక్క ప్లాటులో ఆ బండనే మందు పెట్టి పేల్చేవాళ్లు. ముందు ఈల ఊదేవాళ్లు, మేం కిటికీలు మూసేవాళ్లం, తర్వాత అలమరలో గిన్నెలు గలగలమనేవి. మావారు సినిమా ప్రొడక్షన్ ఆఫీసులో లెక్కలు రాసేవారు. షూటింగు అయిపోయి సెట్టు ఊడదీసినప్పుడు రాజమహలు మెట్ల తాలూకు ప్లైవుడ్ పలకలు ఆటోలో వేసుకొచ్చి పెట్టెలు కొట్టించారు. ఒక పక్క పాలరాయి రంగు, ఇంకో పక్క మేకులు. పునాది తవ్వుతున్న చోట ఎర్రమట్టి అడిగి తెచ్చాం. నర్సరీవాడి దగ్గర పశువుల ఎరువు. రాతినేల మీద పడ్డ విత్తనం ఏమైందో ఆదివారం బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినదాన్ని. రాతినేల మీద మట్టి మోసుకొచ్చి పోయడం మాత్రం అదే మొదటిసారి.

మొలకలు బాగానే వచ్చాయి. రెండేసి ఆకులు, గుండె ఆకారంలో. ఆ అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా, పెట్టె ముందు గొంతుక్కూర్చునేది. తర్వాత మొదలయ్యాయి కష్టాలు. వాళ్ల కొండల్లో చలికాలమంటే పొద్దున్నే ఆకు మీద మంచు పేరుకుంటుందట. ఇక్కడ చలి అంటే తెల్లవారుజామున ఒక స్వెట్టరు, పది గంటలకల్లా దాన్ని విప్పి భుజాన వేసుకోవడం. మధ్యాహ్నానికి డాబా కాలేది. పిట్టగోడ కాలేది. నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చేవి. బోరు ఎండిపోయి వీధి మొత్తం ట్యాంకర్ నీళ్ల మీదే బతుకుతోంది. బకెట్టులో పట్టి, నీడలో చల్లారబెట్టి పోసేవాళ్లం. మావారు షూటింగుల్లో ఎండను మెత్తబరచడానికి కట్టే తెల్లగుడ్డ పాతది ఒకటి తెచ్చి పైన కట్టారు. బండ పేల్చినప్పుడల్లా ఆ గుడ్డ మీదా ఆకుల మీదా దుమ్ము. తుడిస్తే కందిపోయేవి, తుడవకపోతే వాడిపోయేవి.

ఒక మొక్క తల వాల్చేది. మర్నాడు దాని పక్కది. పేనుబంక పట్టింది. అత్తయ్య చెబితే బూడిద చల్లాం. కొన్నిటికి తగ్గింది, కొన్నిటికి తగ్గలేదు. ఎందుకో తెలియదు. చేయగలిగిందంతా చేశాక మనిషికి మిగిలేది మోకాళ్లే. బుధవారం స్త్రీల కూడికలో నేను లేచి, చలి పెరగాలని అందరూ ప్రార్థించాలని కోరాను.

 కృష్ణానగర్ నుంచి వచ్చే ఒక చెల్లి, డాన్సర్ల బట్టలు కుట్టే మనిషి, చెయ్యెత్తింది. "అక్కా, మా పిల్లలిద్దరికీ దగ్గు. చలి తగ్గాలని నేను రాసిచ్చిన చీటీ ఆల్రెడీ పాస్టరు అయ్యగారి దగ్గరుంది."

"అయితే నీ చీటీ ముందు" అంది అత్తయ్య. కూడికంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి డాబా ఎక్కితే ఇంకో రెండు మొక్కలు పడిపోయి ఉన్నాయి.

క్రిస్మస్ అయ్యేసరికి మిగిలినవి గుప్పెడు మొక్కలు. వాటిలో ఒకటి మాత్రం ఎలా బతికిందో, మోచెయ్యంత ఎదిగింది. వెడల్పాటి ఆకు, అంచున ముడతలు, నరాల్లో ఊదారంగు. ఆ అమ్మాయి కేకు డబ్బాకు కట్టిన ఎర్ర రిబ్బను విప్పి దాని మొదట్లో ముడివేసింది. "దీన్ని కొయ్యను ఆంటీ. పువ్వు రానిస్తాను. ఇది విత్తనానికి." అత్తయ్య మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కేది కాదు గనుక, ఆ సంగతి ఆమెకు చెప్పాలని మా ఇద్దరికీ తోచనే లేదు.

తక్కినవాటికి కోయదగిన ఆకులున్నాయి. "ఒక్కటి నోట్లో వేసుకో తల్లీ, ఇన్నాళ్లు ఎదురుచూశావు" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నెలాఖరు ఆదివారం మా సంఘంలో కోతపండుగ. మొదటి కోత దేవుడిది. అడుగు ఆకులు గిల్లి బుట్టలో పెట్టి గుడికి తీసుకెళ్తానని, ఆ తర్వాతే తింటానని అంది. 

మా కోతపండుగ ఊళ్లలోలాగే జరిగేది. ఎవరింట్లో పండింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. పండించడానికి జాగా లేనివాళ్లు కొని తెస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, బియ్యపు సంచులు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఆ డబ్బు గుడి పనులకు. ఆ ఆదివారం బల్ల అలంకరించడానికి, పిల్లల పాట చూసుకోవడానికి నేను పెందలాడే వెళ్లిపోయాను. అత్తయ్య, మావారు తర్వాత ఆటోలో వస్తామన్నారు. ఆ అమ్మాయి డ్యూటీ దిగి, ఆకులు గిల్లుకుని, వాళ్లతోపాటే రావాలి.

అత్తయ్య ఆటో దిగి రావడం నేను బల్ల దగ్గర నుంచే చూశాను. చేతుల్లో తడిబట్ట మీద ఆకుకూర కట్టలు. వేళ్లతో సహా పీకి, మట్టి కడిగి, అరటినారతో కట్టి, మార్కెట్లో తోటకూర కట్టల్లా ముచ్చటగా ఉన్నాయి. అన్నిటికంటే పైన, విడిగా, పెద్ద మొక్క. దాని మొదట్లో ఎర్ర రిబ్బను.

నేను బల్ల వదిలి ఆమెకు ఎదురు వెళ్లాను.

"క్యాబు ట్రాఫిక్కులో ఇరుక్కుందంట, ఫోన్ చేసింది పిల్ల" అంది అత్తయ్య ఆయాసపడుతూ. "ఆరాధన టైమైపోతంది. మన డాబా మీది పంట బల్ల మీదికి చేరకపోతే ఎట్టా అని నేనే ఎక్కాను మెట్లు. కూర్చుని కూర్చుని ఎక్కాలే. ఎంత బుద్ధిమంతురాలే ఆ పిల్ల! అన్నిట్లోకీ మంచిదానికి గుర్తు కట్టి మరీ పెట్టింది."

అప్పుడర్థమైంది నాకు. అత్తయ్య పుట్టింటి వైపు, పాదుకు కాసిన మొదటి సొరకాయకు గుడ్డపీలిక కడతారు. కడితే అది దేవుడిదని గుర్తు. దాన్ని ఇంట్లోవాళ్లు ముట్టుకోరు, దారినపోయేవాళ్లూ తెంపరు. ఆ కళ్లకు ఎర్ర రిబ్బను ఇంకేం చెబుతుంది? ఇక ఆకుకూరంటే మా వైపు వేళ్లతో పీకి కట్ట కట్టేదే. అడుగు ఆకులు గిల్లి, మొక్కను వదిలేసే పద్ధతి ఆమె ఎరగదు. మంచిదాన్ని మొత్తంగా ఇవ్వాలనుకుంది. మోకాళ్ల మీద పాకి ఇచ్చింది.

మావారి వైపు చూశాను. ఆయనకు రిబ్బను సంగతి తెలుసు. ఆయన తల దించుకున్నారు. "నేను ఆటో కోసం వెళ్లాను, వచ్చేసరికి కట్టలు కట్టేసింది" అన్నారు మెల్లగా. ఈలోగా సంఘపెద్ద వచ్చి, తడిబట్టతో సహా తీసుకుని బల్ల మీద గుమ్మడికాయల మధ్య పెట్టేశాడు. అయ్యగారు అర్పణ ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను. ఆ ప్రార్థనలో ఒక్క మాటా నాకు వినిపించలేదు.

వేలం మొదలయ్యాక వచ్చింది ఆ అమ్మాయి. జుట్టు తడిగా ఉంది. ఇంటికి వెళ్లి, స్నానం చేసి, తర్వాతే పెట్టె చూసి ఉంటుంది. గుమ్మంలో నిలబడి బల్లకేసి చూసింది. రిబ్బను కనిపించిందని ఆమె చెయ్యి తలుపు పట్టుకోవడంలోనే తెలిసింది.

సంఘపెద్ద బోరబండ మనిషి, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. కట్టలు పైకెత్తాడు. "గిదేం ఆకమ్మా? ముల్లంగి ఆకా?"

"పెద్దాయనా, గడ్డి గూడ వేలం పెడ్తున్నవా?" అన్నారెవరో వెనక నుంచి.

"నోర్ముయ్‌రా. దేవుని బల్ల మీదికెళ్లి దిగినంక గడ్డైనా బంగారమే. ఎవరిది చెప్పుర్రి?"

"మా డాబా మీదివి" అని అత్తయ్య లేచి నిలబడింది, ముఖం వెలిగిపోతూ. "పండించింది ఆ పిల్ల. అదుగో."

"రా బిడ్డా, ముంగటికి రా. ఒక్క మాట సాక్ష్యం చెప్పు."

ఆ అమ్మాయి నడుచుకుంటూ వెళ్లింది. రిబ్బను కట్టిన మొక్క ఆకు మీద వేలు పెట్టింది. ఇప్పుడైనా చెబుతుందేమో, ఇది పొరపాటున వచ్చిందని అంటుందేమో అనుకున్నాను. ఆమె అత్తయ్య ముఖంలోకి ఒకసారి చూసి, అందరి వైపు తిరిగింది.

"ఇది మా అమ్మ విత్తనం. అమ్మ ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. ఈ ఊళ్లో ఫస్ట్ టైం పెరిగింది. అంతే. ప్రభువుకి స్తోత్రం."

గుడిలో సగం మంది కళ్లు తుడుచుకున్నారు. ఆ సాక్ష్యమే మా చేతులు కట్టేసింది. అప్పటిదాకా గడ్డి అన్నవాళ్లే వేలం పాట పాడడం మొదలుపెట్టారు. నేనూ పాడాను. పెంచారు. మళ్లీ పాడాను. మావారు నా చీర చెంగు పట్టుకుని లాగారు. చివరికి జూబ్లీహిల్స్ నుంచి పెద్ద కారులో వచ్చే ఒక అమ్మగారు, మంచి భక్తురాలు, ఎవరూ అందుకోలేని ధర పాడింది. సంఘం చప్పట్లు కొట్టింది. ఆమె కట్టలన్నీ రెండు చేతులా గుండెలకు హత్తుకుంది.

నేను లేచాను. ఆ ఒక్క మొక్క ఇమ్మని అడిగితే ఆమె ఇచ్చేసేది, అంత మంచి మనిషి. కానీ అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు ఆంటీ. ఇచ్చేశాం."

"అది నువ్విచ్చింది కాదమ్మా."

"బల్ల మీద పెట్టాక ఎవరు పెట్టారని ఉండదు కదా. గ్రాండ్మాకి చెప్పకండి."

అర్పించినదాన్ని వెనక్కి తీసుకోకూడదని పిల్లలకు నేర్పించింది నేనే. మళ్లీ కూర్చున్నాను.

అయినా మనసు ఆగలేదు. సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఆ అమ్మగారింటికి వెళ్లాను. వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేసి గేటు తీశాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. "ఎంత బాగుందమ్మా ఆ ఆకు! మధ్యాహ్నం పప్పులో వేయించాను. కాస్త ఘాటు. ఒక్క ఆకు పారెయ్యలేదు, దేవుడి బల్ల మీదిది కదా."

వేళ్లేం చేశారని అడిగాను. వంటామె వాటిని క్రోటన్ల పాదులో పడేసింది. వెళ్లి చూస్తే, మొదటికంటా కోసేసిన మోళ్లు, ఎండకు తాడులా ముడుచుకుపోయి ఉన్నాయి. అయినా ఏరుకున్నాను. నాకు బాగా నచ్చిందనుకుని ఆమె మిగిలిన పప్పు స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. డబ్బా మూత ఊడకుండా ఎర్ర రిబ్బను చుట్టింది.

మోళ్లను పెట్టెలో నాటాం. ఒక్కటీ కదల్లేదు. డబ్బా మూత తీసి అమ్మాయి ముందు పెట్టాను. ఆమె ప్రార్థన చేసుకుని, కందిపప్పులోంచి ఆకు ముక్కను వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఇంకోటి తీసింది. "చింతపండు తెలుస్తోంది ఆంటీ" అంది. "వెల్లుల్లి కూడా." కాసేపయ్యాక, "ఇంగువ" అంది. చివరి దాకా తింది. వాళ్లమ్మ ఆకు రుచి అందులో ఎక్కడైనా తగిలిందో లేదో చెప్పలేదు. 

ఆ వారమంతా, డ్యూటీ నుంచి వచ్చాక, పెట్టెలో మట్టిని మా పిండిజల్లెడతో కొద్దికొద్దిగా జల్లించేది. మొలవకుండా మిగిలిన గింజ ఒక్కటైనా ఉంటుందేమోనని. అత్తయ్యకు జల్లెడ అవసరమై, కేకేసి కేకేసి, చివరికి గోడ పట్టుకుని తానే పైకి వచ్చింది. మట్టిలో వేళ్లు, జల్లెడలో రాళ్లు, పెట్టె మేకుకు తగిలించిన రిబ్బను. అన్నీ చూసింది.

"ఏం వెతుకుతున్నావే?"

అమ్మాయి జల్లెడ కింద పెట్టింది. ఆ పిల్లకు అబద్ధం చేతకాదు.

"విత్తనానికా కట్టావు దాన్ని?"

 అత్తయ్య అక్కడే పిట్టగోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పక్క ప్లాటులో ఈల ఊదారు. బండ పేలింది. ఎవరం లేవలేదు. దుమ్ము దిగాక అత్తయ్య, "అడక్కుండా ముట్టుకున్నాను" అంది, మాతో కాదు.

మర్నాడు ఆమె మళ్లీ మెట్లెక్కింది, ఈసారి పోపులపెట్టె పట్టుకుని. "ఇవీ ఆవాలేగా. వేద్దాం. ఏదో ఒక ఆకు వస్తుందిగా" అంది. వేసింది. అవి వేరే రకమని నేను చెప్పలేదు, అమ్మాయీ చెప్పలేదు. పోపు ఆవాలు మా ఎండకు ఏమాత్రం జంకకుండా మొలిచాయి. సన్నటి ఆకులు, కొంచెం నూగు. చలి వెళ్లిపోతోంది. అవి నాలుగు ఆకులు వేయగానే పువ్వు కోసం తొందరపడ్డాయి. అత్తయ్య రోజూ పైకెక్కి, గొడుగు నీడలో వాటిని కాపలా కాసింది. మొదటి ఆకుల్లో పిడికెడు గుడికి పంపింది, ఈసారి ఆ పిల్లను అడిగి, అడుగు ఆకులే గిల్లి. తర్వాత ఒక లేతాకు తుంచి, మిరపకాయ ఉప్పులో అద్ది, తనే ఆ పిల్ల నోటికి అందించింది.

అమ్మాయి కళ్లు మూసుకుని నమిలింది. చాలాసేపు నమిలింది.

"అదేనా?" అంది అత్తయ్య.

అమ్మాయి కళ్లు తెరిచింది. ఇంకో ఆకు తుంచుకుంది. "వేడన్నంలోకి బాగుంటుంది గ్రాండ్మా" అంది.

అత్తయ్య ఆమె ముఖంలోకి కాసేపు చూసింది.  గొడుగు మొక్కల మీదికి వంచి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచింది.

"ఉండు, అన్నం పెట్టుకొస్తాను" అని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగసాగింది.